హాబీల్లో ‘ఫొటోగ్రఫీ’ అని రాశారా?

మీ రెజ్యూమె చివరి లైన్ ఒకసారి చూడండి. ‘హాబీస్: సంగీతం వినడం, క్రికెట్, ఫొటోగ్రఫీ’ అని ఉందా? నాదీ అదే. ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ఫ్రెండ్ రెజ్యూమె నుంచి దించేశాను. మొదటి ఇంటర్వ్యూలో కోడింగ్ ప్రశ్నలు ఎలాగో గట్టెక్కాయి. చివర్లో ఆయన నవ్వుతూ, ‘‘ఫొటోగ్రఫీ అన్నారు, ఏం తీస్తారు?’’ అని అడిగారు. నోటికొచ్చింది చెప్పేశాను: ‘‘పక్షులు సార్.’’

‘‘అలాగా! మీ ఊళ్లో కనిపించేవి ఓ ఐదు చెప్పండి.’’

కాకి, పిచ్చుక, కోయిల... అక్కడే ఆగిపోయాను. పాలపిట్ట కూడా గుర్తురాలేదు. మన రాష్ట్ర పక్షి! ఏటా దసరాకు మా నాన్న వేలు పెట్టి మరీ చూపించే పిట్ట!

ఆ ఉద్యోగం రాలేదు. ఈ ప్రశ్న వల్లే పోయిందని చెప్పను. కానీ మంచిర్యాల స్టేషన్‌లో దిగేదాకా నన్ను గుచ్చింది మాత్రం అదే.

బొగ్గు ఊళ్లో ఏముంటాయి?

నస్పూర్ అంటే సింగరేణి గనులు, షిఫ్టులు, బొగ్గు లారీలు. ఇక్కడ పక్షులేంటి అనుకున్నాను. ఉద్యోగం లేని ఆ ఏడాది పొద్దున్నే గోదావరి ఒడ్డుకు నడవడం మొదలుపెట్టాను. ఇంట్లో కూర్చుంటే ‘ఏమైనా వచ్చిందా?’ అని అడిగేవాళ్లు ఎక్కువ. అదీ అసలు కారణం.

కరెంటు తీగ మీద ఏట్రింత, నీళ్ల పక్కన లకుముకి పిట్ట, రెక్కలు ఆరబెట్టుకుంటూ నీటికాకి, మనిషి అలికిడికే గోల చేసే తీతువు. కూర్చున్నప్పుడు గోధుమ రంగులో మామూలుగా కనిపించిన పాలపిట్ట, ఎగరగానే నీలంగా విచ్చుకుంది. నెల తిరిగేసరికి నా నోట్‌బుక్‌లో ముప్పై పేర్లు. అవన్నీ అంతకుముందూ అక్కడే ఉన్నాయి. చూడనిది నేనే.

పరువు తీసిన డేగ

కొన్నాళ్లకు పాత కెమెరా ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ఒకరోజు వేపచెట్టు మీద బూడిద రంగు పక్షిని తీసి, ‘షిక్రా డేగ’ అని ధీమాగా ఈబర్డ్‌లో పెట్టాను. అమెరికాలోని కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ నడిపే ఉచిత వేదిక ఇది. ఎవరైనా తాము చూసిన పక్షుల లెక్క అందులో నమోదు చేయొచ్చు. వాటిని వాలంటీర్లు పరిశీలిస్తుంటారు. నాకు ఒక మెయిల్ వచ్చింది. సారాంశం ఒక్కటే: ‘ముక్కు మళ్లీ చూడండి.’

జూమ్ చేశాను. డేగకు ఉండాల్సిన కొక్కెం లాంటి ముక్కు లేదు. బలమైన గోళ్లూ లేవు. కంటి చుట్టూ పసుపు వలయం ఉంది. అది డేగను పోలిన కోకిల జాతి పక్షి, హాక్ కుకూ. రంగు, ఎగిరే తీరు డేగలాగే ఉండటంతో చిన్న పిట్టలే మోసపోతాయి. నేనూ పోయాను.

రంగు చూసి పేరు పెట్టేశానని అప్పుడు అర్థమైంది. పోలికలు దొరికాక తేడాల కోసం వెతకలేదు. కోడ్‌లో బగ్ వెతికేటప్పుడూ నేను చేసే తప్పు అదే. ఎంట్రీ సరిదిద్దాను. సిగ్గేసింది కానీ, ఆ రోజు నేర్చుకున్నంత ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు.

ఎలా మొదలుపెట్టాలి?

- ముందు కెమెరా కొనకండి. అప్పు చేసి అసలే వద్దు. నోట్‌బుక్, ఫోన్ చాలు. తేదీ, సమయం, చోటు, ఎన్ని పక్షులు, ఏం చేస్తున్నాయి... ఇవి రాయండి.
- రంగు కంటే ముందు సైజు చూడండి. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? తర్వాత ముక్కు, తోక, కాళ్లు, కూత.
- మెర్లిన్ యాప్ ఉచితం. ఫొటో ఇచ్చినా, కూత వినిపించినా పేరు సూచిస్తుంది. అది సూచన మాత్రమే. నిర్ధారించుకోవాల్సింది మీరే.
- కెమెరా ఉంటే పొద్దున వెలుతురులో, సూర్యుడు మీ వెనక ఉండేలా నిలబడండి. ఎగిరే పక్షికి షటర్ స్పీడ్ 1/1000 సెకను లేదా అంతకంటే వేగంగా పెట్టండి. ఫోకస్ కంటి మీద ఉండాలి.
- గూళ్ల దగ్గరికి వెళ్లొద్దు. ఫొటో కోసం రాయి విసిరి లేపొద్దు. ఫోన్‌లో కూతలు పెట్టి పిలవొద్దు. అడవిలోకి అటవీశాఖ అనుమతితోనే వెళ్లాలి.

మన చుట్టూ ఉన్న పెద్ద కథలు

జన్నారం వైపు వెళ్తే కవ్వాల్ టైగర్ రిజర్వ్. కుమురం భీం జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపుగుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టాయి. దేశంలో 1990ల నుంచి రాబందులు 90 శాతానికి పైగా తగ్గిపోయాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, కళేబరాల ద్వారా వాటిని చంపిందని తేలాక, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. పక్షుల్ని లెక్కపెట్టినవాళ్లు ఉండబట్టే ఆ తగ్గుదల బయటపడింది.

కడపలో 1986లో జరిగింది ఇంకా ఆశ్చర్యం. అంతరించిందనుకున్న కలివికోడి మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు దాన్ని పట్టి చూపించింది ఐతన్న అనే స్థానికుడే. ఊరి మనిషి కన్ను అంత విలువైనది.

మరి ఉద్యోగం?

సూటిగా చెప్తాను. పక్షుల ఫొటోలతో బతికేవాళ్లు చాలా తక్కువ. ఆసక్తి నిజంగా ముదిరితే దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా కోర్సుల గురించి తెలుసుకోండి. నాకు ఉద్యోగం తెచ్చింది రోజూ చేసిన కోడింగ్ ప్రాక్టీసే. ఆ ఏడాది నన్ను మంచం మీంచి లేపింది మాత్రం పక్షులే.

చివరికి సెలెక్ట్ అయిన ఇంటర్వ్యూలో, ‘‘మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి’’ అన్నారు. హాక్ కుకూ సంగతి చెప్పాను. ఏది తప్పో, ఎలా తెలిసిందో, ఎలా సరిదిద్దానో చెప్పడానికి నేను తడుముకోలేదు. అది నిజంగా జరిగింది మరి.

ఏటా ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ నాలుగు రోజులు జరుగుతుంది. కనీసం పదిహేను నిమిషాలు లెక్కపెడితే చాలు, మీరూ అందులో భాగమే. అప్పటిదాకా ఆగక్కర్లేదు. రేపు పొద్దున డాబా ఎక్కండి. ఐదు పేర్లు రాయండి. రాయలేకపోతే, రెజ్యూమెలో ఆ లైన్ తీసేయండి. లేదా ఎల్లుండి మళ్లీ ఎక్కండి.