‘పెండింగ్’ అని చూపిస్తోంది సరే.. ఇంతకీ ఎవరి దగ్గర పెండింగ్?

కిరాణా కొట్టులో 640 రూపాయల బిల్లు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశారు, పిన్ కొట్టారు. స్క్రీన్ మీద చక్రం తిరిగి తిరిగి చివరికి ఒకే మాట వచ్చింది: ‘పెండింగ్’. ఖాతాలోంచి డబ్బు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చేసింది. కొట్టాయన సౌండ్‌బాక్స్ మాత్రం పలకలేదు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అప్పుడు మీరేం చేస్తారు? చాలామంది మళ్లీ స్కాన్ చేస్తారు. నేనూ అదే చేశాను. సాయంత్రానికి రెండు చెల్లింపులూ ఆయన ఖాతాలో పడ్డాయి. తెలిసిన కొట్టు కాబట్టి రెండోది తిరిగొచ్చింది.

ఇదే మాట ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఉంటుంది, పీఎఫ్ పాస్‌బుక్ దగ్గర ఉంటుంది, పాస్‌పోర్ట్ దరఖాస్తులో ఉంటుంది, ట్రాఫిక్ చలాన్‌లో ఉంటుంది. అన్నిచోట్లా ‘ఆగి ఉంది’ అనే అర్థం చేసుకుని మనం కూడా ఆగిపోతాం. కానీ కొన్నిచోట్ల ఆగింది వాళ్ల దగ్గర, కొన్నిచోట్ల మన దగ్గరే. ఆ తేడా తెలియకపోతే డబ్బో, గడువో పోతుంది.

వేలాడే మాట

లాటిన్‌లో ‘వేలాడటం’ అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చిన పదమిది. మెడలో వేలాడే పెండెంట్, గడియారంలో ఊగే పెండ్యులమ్ దీని చుట్టాలే. ఉద్యోగులను భయపెట్టే ‘సస్పెండ్’ కూడా ఆ ఇంటిదే. మనవాళ్లకు ఈ పోలిక కొత్త కాదు. ‘ఫైలు మూడు నెలలుగా వేలాడుతోంది’ అని ఇంగ్లిష్ రానివాళ్లు కూడా అంటారు.

తెలుగులోకి వచ్చాక ఈ మాటకు ‘బకాయి’ అన్న అర్థం కూడా అంటుకుంది. ‘కాంట్రాక్టర్ల పెండింగ్ బిల్లులు’ అని మేం హెడ్డింగ్ పెడితే ప్రభుత్వం చెల్లించాల్సిన డబ్బు. ‘మీ కరెంటు బిల్లు పెండింగ్’ అంటే మీరు చెల్లించాల్సిన డబ్బు. మాటలు అవే, అప్పు దిశ మారిపోయింది. తెలంగాణ పోలీసులు 2022 మార్చిలో, మళ్లీ 2023 డిసెంబరు చివర్లో ‘పెండింగ్ చలాన్ల’పై రాయితీ ఇచ్చినప్పుడు జనం ఎగబడి కట్టారు. అక్కడ పెండింగ్ అంటే ఎవరో చూడాల్సిన ఫైలు కాదు, మన పేరు మీదున్న బాకీ.

యూపీఐలో పెండింగ్: ఫెయిల్ కాదు

మీ బ్యాంకు, మధ్యలో ఎన్‌పీసీఐ, అవతలివారి బ్యాంకు. ఈ ముగ్గురిలో ఎవరో ఒకరి నుంచి ఖాయమైన జవాబు రాలేదనడమే యూపీఐలో పెండింగ్. డబ్బు అవతల పడవచ్చు, వెనక్కి రావచ్చు. రెండింటికీ తలుపు తెరిచే ఉంది. అందుకే అదే మొత్తాన్ని వెంటనే మళ్లీ పంపొద్దు. ముందు మీ ఖాతా బ్యాలెన్స్ చూసుకోండి. దుకాణదారును సౌండ్‌బాక్స్ కాకుండా ఆయన ఖాతా చూసుకోమనండి. తప్పనిసరై నగదు ఇచ్చారనుకోండి, లావాదేవీ రిఫరెన్స్ నంబరుకు స్క్రీన్‌షాట్ తీసి, ఆయన ఫోన్ నంబరు రాసుకుని మరీ బయటికి రండి.

స్టేటస్‌ను పదే పదే నొక్కినా లాభం లేదు. 2025 ఆగస్టు 1 నుంచి పెండింగ్ లావాదేవీ స్టేటస్‌ను మూడుసార్లే చూడగలం, అదీ 90 సెకన్ల విరామంతో.

మరి డబ్బు ఎప్పుడొస్తుంది? దీనికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే లెక్క పెట్టింది. ఒక వ్యక్తికి పంపిన డబ్బు మీ ఖాతాలో కట్ అయి, వారి ఖాతాలో పడకపోతే మరుసటి రోజులోగా వెనక్కి రావాలి. దుకాణానికి చేసిన చెల్లింపు ఖరారు కాకపోతే లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లోగా. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. మీరు ఫిర్యాదు చేయకపోయినా సరే, దానంతటదే ఖాతాలో వేయాలన్నది నిబంధన. ఆచరణలో అడిగితేనే కదిలే సందర్భాలుంటాయి కాబట్టి అడగండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు నచ్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు.

మీ దగ్గరే ఆగినవి

ఆదాయపు పన్ను రిటర్న్ వేశాక ‘ఈ-వెరిఫికేషన్ పెండింగ్’ అని కనిపిస్తుంది. చాలామంది దీన్ని ‘డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇంకా చూడలేదు’ అని చదువుకుని రిఫండ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. నిజానికి డిపార్ట్‌మెంట్ మీ కోసం ఎదురుచూస్తోంది. ఆధార్ ఓటీపీతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో ‘ఈ రిటర్న్ నాదే’ అని మీరు ధ్రువీకరించాలి. ఇందుకు ఒకప్పుడు 120 రోజుల గడువు ఉండేది. 2022 ఆగస్టు 1 నుంచి దాన్ని 30 రోజులకు కుదించారు. ఆ తర్వాత వెరిఫై చేస్తే, చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్క. అప్పటికి ఆఖరి తేదీ దాటిపోయి ఉంటే, సకాలంలో వేసినవారు కూడా ఆలస్య రుసుము కట్టాలి: ఆదాయం 5 లక్షలు దాటితే 5,000 రూపాయలు, లోపు ఉంటే 1,000. అసలు వెరిఫై చేయకపోతే రిటర్న్ వేయనట్టే.

పీఎఫ్ పోర్టల్‌లో కేవైసీ పెండింగ్ అని ఉంటే మాత్రం కొన్నిసార్లు మీ కంపెనీ హెచ్‌ఆర్ విభాగం ఆమోదించలేదని అర్థం. పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరిగే ముందు హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ కొట్టండి.

కేసు పెండింగ్ ఉందా? అని అడిగితే

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన చోటు పాస్‌పోర్ట్ దరఖాస్తు. మీపై కోర్టులో క్రిమినల్ కేసు ఏదైనా పెండింగ్‌లో ఉందా అని అందులో అడుగుతారు. 1967 నాటి పాస్‌పోర్ట్ చట్టంలోని 6(2)(ఎఫ్) ప్రకారం, దేశంలోని క్రిమినల్ కోర్టు ముందు కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్ట్ నిరాకరించవచ్చు.

పక్కింటి వాళ్లతో గోడ తగాదాలోనో, కాలేజీ రోజుల్లో ధర్నా చేసినప్పుడో స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ అయింది. అది పెండింగ్ కేసేనా? విదేశాంగ శాఖ 2019 అక్టోబరులో దీనిపై స్పష్టత ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్ నమోదై పోలీసు దర్యాప్తు నడుస్తున్నంత మాత్రాన ఈ సెక్షన్ వర్తించదు. కేసు కోర్టుకు చేరి, కోర్టు దాన్ని విచారణకు స్వీకరిస్తేనే పెండింగ్ కిందికి వస్తుంది. మన కోర్టుల భాషలో చెప్పాలంటే సీసీ నంబరు పడిందా లేదా అన్నది చూసుకోవాలి. ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరుతో వెతికితే తెలుస్తుంది. అనుమానముంటే వకీలును అడగండి.

పెండింగ్ ఉన్నా దారి మూసుకుపోలేదు. ఆ కోర్టు నుంచే అనుమతి ఉత్తర్వు తెచ్చుకుంటే పాస్‌పోర్ట్ ఇస్తారు. ఉత్తర్వులో కాలపరిమితి రాసి ఉంటే అంతవరకు, లేకపోతే సాధారణంగా ఏడాదికి. కేసు ఉండి ‘లేదు’ అని టిక్ పెట్టడం మాత్రం వేరే నేరం. అదే చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ పెట్టె మీకు బదులు ఏజెంటు టిక్ చేసినా సంతకం మీదే.

మాట తిరగబడితే

ఆఫీసు నోటీసుల్లో ఒక మెలిక ఉంది. ‘ఎంక్వైరీ పెండింగ్’ అంటే విచారణ ఇంకా పూర్తి కాలేదని. ‘సస్పెండెడ్ పెండింగ్ ఎంక్వైరీ’ అని ఉంటే పెండింగ్‌కు అర్థం ‘అయ్యేదాకా’. అంటే విచారణ తేలేవరకు సస్పెన్షన్ అని. తెలుగులో మనం ఈ రెండో వాడుక తీసుకోలేదు, అందుకే అది కనిపించినప్పుడు తడబడతాం. ‘తుది తీర్పు పెండింగ్’ అని ముందుంచి ఏదైనా ఉత్తర్వు ఇచ్చారంటే, అది తీర్పు వచ్చేదాకా నడిచే తాత్కాలిక ఏర్పాటు.

కౌంటర్ దగ్గర ఏం అడగాలి

‘పెండింగ్‌లో ఉందండీ, మళ్లీ రండి’ అన్నది జవాబు కాదు. తెలంగాణలో ధరణి వచ్చాక ‘పెండింగ్ మ్యుటేషన్’ అని ఏకంగా ఒక దరఖాస్తు రకమే పుట్టింది. అంత పాతుకుపోయిన మాట ఇది. కుల ధ్రువీకరణ అయినా, ఇంటి ప్లాన్ అయినా ఎవరి లాగిన్‌లో ఉంది, ఏ తేదీ నుంచి ఉంది, ఈ సేవకు పెట్టిన గడువెంత అని అడగండి. దరఖాస్తు నంబరు చేతిలో ఉంటే ఆ వివరం సిస్టమ్‌లోనే కనిపిస్తుంది. చెప్పకపోతే అవే ప్రశ్నలు సమాచార హక్కు దరఖాస్తుగా రాయండి. అక్కడ ‘పెండింగ్’ చెల్లదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే నిరాకరించినట్టే చట్టం లెక్కిస్తుంది. ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

మోసగాళ్లకూ ఇష్టమే

ఈ మాట వింటే మనం కంగారు పడతామని సైబర్ నేరగాళ్లకు తెలుసు. ‘మీ బిల్లు పెండింగ్, రాత్రికి కరెంటు కట్’, ‘కేవైసీ పెండింగ్, ఖాతా బ్లాక్’, ‘చలాన్ పెండింగ్, ఈ ఫైల్ తెరవండి’ అని వాట్సాప్‌లో వస్తాయి. చలాన్ పేరుతో వచ్చేది ఏపీకే ఫైల్ అయితే అది చలాన్ కాదు, మీ ఫోన్‌లోకి దూరే యాప్. లింకు జోలికి వెళ్లకుండా అధికారిక సైట్‌ను మీరే తెరిచి చూసుకోండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, మోసగాడు విత్‌డ్రా చేసేలోపు ఆ సొమ్మును అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.