భాగం 6: ఇంట్లో జాకెట్టు కుట్టుకోవడం – కొలత, వదులు, మార్జిన్

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• ఒంటి కొలతకూ, ఆది జాకెట్టు కొలతకూ గల తేడాను వివరించగలుగుతారు.
• గుడ్డమీద గీయవలసిన వెడల్పును లెక్కకట్టగలుగుతారు.
• జాకెట్టు ముక్కలను ఏ వరసలో కుట్టాలో, ఎందుకో చెప్పగలుగుతారు.
• కుట్టిన తరవాత కనిపించే లోపాల్లో సరిదిద్దడానికి వీలైనవి ఏవో గుర్తించగలుగుతారు.

6.1 పరిచయం

మిషన్ మీద తిన్నగా కుట్టు వేయడం వచ్చినవారు దిండు గలీబు, లంగా ధైర్యంగా కుట్టేస్తారు. జాకెట్టు దగ్గరికి వచ్చేసరికి వెనకాడతారు. ఈ భయానికి కారణం ఉంది. దిండు గలీబు అర అంగుళం అటూ ఇటూ అయినా దిండు పడుతుంది. జాకెట్టు ఒంటికి అంటిపెట్టుకుని ఉండే వస్త్రం. దానిలో అర అంగుళం తేడా వస్తే మొదటి హుక్కు పెట్టేటప్పుడే తెలిసిపోతుంది.

పైగా చీరతో వచ్చే జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు ఉంటుంది. అది పాడైతే అదే రంగు, అదే అంచు ఉన్న గుడ్డ బజారులో దొరకడం కష్టం. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టవచ్చు. కత్తెర తప్పితే ఏమీ చేయలేం. అందువల్ల కత్తెర పట్టకముందు చేయవలసిన పనులకే ఈ భాగంలో ఎక్కువ చోటు ఇచ్చాం. మనం నేర్చుకునేది ముందు వైపు హుక్సు ఉండే, డాట్లు వేసిన మామూలు జాకెట్టు.

6.2 గుడ్డను సిద్ధం చేయడం

నూలు గుడ్డ, ముఖ్యంగా లైనింగు గుడ్డ, మొదటిసారి తడిసినప్పుడు ముడుచుకుంటుంది. పైగుడ్డ ముడుచుకోకుండా లైనింగు ముడుచుకుంటే ఉతికిన తరవాత జాకెట్టు ముడతలు పడుతుంది. కాబట్టి లైనింగు గుడ్డను కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేసిన తరవాతే కత్తిరించాలి.

మొదటి ప్రయత్నం చీర తాలూకు ముక్కమీద చేయకండి. పాత దుప్పటో, మెత్తబడిన నూలు చీరో తీసుకుని దానితో ఒక జాకెట్టు కుట్టి చూడండి. అందులో తేలిన తప్పులను సరిదిద్దుకున్నాక అసలు గుడ్డ ముట్టుకోండి.

6.3 కొలతలు – రెండు పద్ధతులు

(అ) ఒంటి కొలత: టేపుతో నేరుగా ఒంటిమీద తీసే కొలత ఇది. ఎవరి కొలతలు వారు తీసుకుంటే చేతులు పైకి లేచి లెక్క మారుతుంది. ఇంట్లో మరొకరి సాయం తీసుకోండి. ఛాతీ నిండుగా ఉన్న చోట, వెనుక టేపు జారకుండా, నేలకు సమాంతరంగా కొలవాలి.

(ఆ) ఆది జాకెట్టు: దర్జీకి జాకెట్టు ముక్క ఇచ్చేటప్పుడు, చక్కగా సరిపోయే పాత జాకెట్టును ఆదిగా ఇవ్వడం మనకు అలవాటే. ఇంట్లో కుట్టేవారికి కూడా ఇదే తేలిక. హుక్సు పెట్టి, ముడతలు లేకుండా బల్లమీద పరిచి, చంక కింద ఒక పక్క కుట్టు నుంచి మరో పక్క కుట్టు వరకు కొలిచి రెట్టింపు చేస్తే ఛాతీ చుట్టుకొలత వస్తుంది. వెనుక పొడవు, భుజం, చంక లోతు, మెడ లోతు, చేతి పొడవు, చేతి లూజు కూడా దానిమీదే కొలిచి కాగితంమీద రాసుకోండి.

6.4 వదులు, మార్జిన్

కొత్తవారి జాకెట్లు చాలావరకు చెడిపోయేది ఈ రెండింటినీ కలగలిపేయడం వల్లే.

వదులు అంటే ఊపిరి తీసుకోవడానికి, చేయి ఎత్తడానికి ఒంటి కొలతకు అదనంగా కలిపే జాగా. ఇది జాకెట్టు తొడుక్కున్నప్పుడు ఒంటికీ గుడ్డకూ మధ్య ఉంటుంది. మామూలు జాకెట్టుకు ఛాతీ చుట్టూ మొత్తం 2 అంగుళాలు కలపవచ్చు.

మార్జిన్ అంటే కుట్టు వేయడానికి, కుట్టుకు అవతల లోపల దాచడానికి వదిలే గుడ్డ. తొడుక్కున్నప్పుడు ఇది లెక్కలోకి రాదు.

ఉదాహరణ చూడండి. ఒకరి ఒంటి కొలత 33 అంగుళాలు. వదులు 2 కలిపితే 35. వెనుక ముక్కలో సగం, ముందు ఒక్కో ముక్క నాలుగో వంతు కనుక 35ను 4తో భాగిస్తే 8¾. పక్క మార్జిన్ 1½ కలిపితే 10¼ అంగుళాలు. గుడ్డమీద గీయవలసింది ఇదే.

అదే మనిషి ఆది జాకెట్టును పరిచి కొలిస్తే 17½ వస్తుంది. రెట్టింపు చేస్తే 35. ఇందులో వదులు ముందే ఉంది. దీనికి మళ్లీ 2 కలిపితే 37 అయి జాకెట్టు సంచిలా వేలాడుతుంది. ఒంటి కొలతకు వదులు కలపడం మరిచిపోతే 33కే కుట్టినట్టయి హుక్సు పట్టవు. కాబట్టి గుర్తుంచుకోవలసిన సూత్రం ఇది: ఒంటి కొలతకు వదులు, మార్జిన్ రెండూ కలపాలి, ఆది కొలతకు మార్జిన్ ఒక్కటే కలపాలి.

పక్కల్లో 1½ అంగుళాలు ఎందుకు? రెండు పక్కల్లో, ముందు వెనుక ముక్కలు కలిపి నాలుగు అంచులుంటాయి. ఒక్కో అంచులో అర అంగుళం విప్పితే చుట్టుకొలత 2 అంగుళాలు పెరుగుతుంది. ఏళ్ల తరవాత ఒళ్లు చేసినా పెళ్లినాటి జాకెట్టు మళ్లీ తొడుక్కోగలగడం లోపల వదిలిన ఈ గుడ్డ చలవే. మిగిలిన చోట్ల భుజానికి ½, కింది మడతకు 1 అంగుళం చాలు. ముందు ముక్కల అంచుకు పట్టీ కుట్టడానికి మరో ½ వదలాలి.

మెడ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ మార్జిన్ గీతకు మెడ వైపు, అంటే లోపలి వైపు ఉంటుంది. గీతమీదే కత్తిరిస్తే కుట్టిన తరవాత మెడ ఇంకా పెద్దదవుతుంది. అందుకే మెడను మొదట చిన్నదిగానే కత్తిరించండి. లోతు పెంచడం ఎప్పుడైనా చేయవచ్చు, తగ్గించలేం.

6.5 కత్తిరించడం

జాకెట్టు పొడవు గుడ్డ నిలువు పోగు వెంట రావాలి. వెనుక ముక్క మధ్య భాగం మడతమీద ఉంచాలి, అక్కడ కత్తిరించకూడదు. ముందు ముక్కలో డాట్లు కొంత గుడ్డను తింటాయి కనుక ఆది జాకెట్టు ముందు భాగంలో వేసిన డాట్ల లోతును కూడా కొలిచి కలపాలి. మెడకు పైపింగు పట్టీని మాత్రం ఏటవాలుగా తీయాలి. ఏటవాలు గుడ్డ సాగుతుంది కాబట్టి వంపు వెంట ముడత లేకుండా ఒదుగుతుంది.

రెండు చేతులనూ గుడ్డ మంచి వైపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేట్టు మడిచి ఒకేసారి కత్తిరించండి. విడివిడిగా కత్తిరిస్తే రెండూ ఒకే చేతివి అయిపోయే ప్రమాదం ఉంది.

6.6 కుట్టే వరస

మామూలు నూలు గుడ్డకు 14 నంబరు, పలుచని గుడ్డకు 11 నంబరు సూది వాడండి. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు పడేలా మిషన్ సరిచేసుకోండి. ముందుగా ముక్కగుడ్డమీద కుట్టి చూడండి.

1. ముందు, వెనుక ముక్కల డాట్లు.
2. హుక్సు పట్టీ, కాజా పట్టీ.
3. భుజాలు కలపడం.
4. మెడకు పైపింగు.
5. చేతులు కలపడం.
6. చేతి అంచు నుంచి నడుము వరకు పక్కలు.
7. కింది మడత, హెమ్మింగు, హుక్సు.

పక్కలను చివరికి ఉంచడానికి కారణం ఉంది. ఒంటికి బిగువో వదులో నిర్ణయించేవి అవే. వాటిని మొదట చేత్తో పొడుగు టాకాలు వేసి, తొడుక్కుని, చేతులు పైకెత్తి, కూర్చుని చూడండి. సరిపోయిందని తేలాకే మిషన్ కుట్టు వేయండి.

6.7 లోపాలు – సవరణలు

హుక్సు మధ్య ఖాళీలు కనిపిస్తే ఛాతీ దగ్గర బిగువు. పక్కలు విప్పి మార్జిన్ లోంచి వదలాలి. చంక దగ్గర ముడతలు పడి నొక్కుతుంటే చంక వంపును కొద్ది కొద్దిగా కిందికి తీయాలి. ఛాతీ వదులైతే పక్కలు లోపలికి కుట్టాలి. మిగిలిన గుడ్డ కత్తిరించవద్దు. భుజాలు జారుతుంటే మెడ వెడల్పు ఎక్కువైంది. దీనికి పూర్తి సవరణ లేదు. పాత దుప్పటితో కుట్టి చూసుకోమన్నది ఇలాంటి లోపం కోసమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఒంటి కొలత 36 అంగుళాలు. వదులు 2, పక్క మార్జిన్ 1½ అయితే వెనుక ముక్కకు మడత నుంచి ఎంత గీయాలి?
2. ఆది జాకెట్టు పరిచి కొలిస్తే 19 అంగుళాలు. ఎంత గీయాలి?

జవాబులు: 1. 38ని 4తో భాగిస్తే 9½. మార్జిన్ తో 11 అంగుళాలు. 2. 19 రెట్టింపు 38. ఇందులో వదులు ఉన్నందున ఇదీ 11 అంగుళాలే.

6.8 సారాంశం

ఒంటి కొలతకు వదులు కలుపుతాం. ఆది కొలతలో వదులు ముందే ఉంటుంది. మార్జిన్ రెండింటికీ కావాలి. మెడను చిన్నదిగా కత్తిరించి తరవాత పెంచుకోవాలి. పక్కలను టాకాలు వేసి చూసి చివర కుట్టాలి. ఈ వారమే మీ ఆది జాకెట్టును పరిచి కొలతలు రాసుకుని, పాత గుడ్డమీద గీయడం మొదలుపెట్టండి.