ఎదుట కూర్చున్న ముఖము

విజయవాడ వన్ టౌనులో కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టుపట్ల సందులలో తిరుగువారికి పటములు కట్టు దుకాణములు పరిచితములే. వేంకటేశ్వరుని పటము ప్రక్కనే ఎవరి తాతగారిదో, ఎవరి మేనత్తదో బొమ్మ గోడకు ఆనించి యుండును. గంజి పెట్టిన చొక్కా, దిద్దిన బొట్టు, ఏ దిక్కును చూడని కన్నులు. "పోలిక వచ్చినది" అని ఇంటివారు తృప్తితో తీసికొనిపోవుదురు. గీసినవాని పేరు ఎవరును అడుగరు.

మన కృష్ణాతీరమున రూపచిత్రమనగా బహుకాలము ఇదియే. మనిషి పోయిన పిదప, పెద్దకర్మలోపల, చిన్న ఫొటో ఒకటి వెదకి తెచ్చి దానిని పెద్దది చేయించుట. చిత్రకారుడు ఫొటోపై సన్నని గళ్లు గీయును. అన్ని గళ్లనే పెద్ద కాగితముపై గీసి, ఈ గడిలోని కనుబొమను ఆ గడిలోనికి, ఈ గడిలోని చెవిని ఆ గడిలోనికి దించును. సినిమా బానర్లు వ్రాసినదియు ఈ విధముగనే. 1921లో మారుతీ టాకీసు వెలసిన ఊరు, ఆంధ్రదేశపు సినిమా పంపిణీకి కేంద్రమైన ఊరు ఇది. ఇరువది అడుగుల ముఖమును నిచ్చెనపై నిలిచి వ్రాయగల చేతులకు ఇక్కడ కొరత యుండెడిది కాదు. ఫ్లెక్సీ ముద్రణ వచ్చిన తరువాత ఆ కుంచెలకు పని పోయినది.

ఈ చేతులలో నైపుణ్యము లేదనుట అన్యాయము. మరి చిత్రకళా ప్రదర్శనలు వారిని ఏల పిలువలేదు? బజారు పని యను చిన్నచూపు కొంత కారణమే. కాని అది మాత్రమే కాదని నాకు తోచుచున్నది. రూపచిత్రమునకు ప్రత్యేకముగా బహుమతు లిచ్చు దేశముల నిబంధనలను చూచినచో అసలు సంగతి బోధపడును.

ఆస్ట్రేలియాలో ఆర్చిబాల్డ్ బహుమతిని మొదటిసారి ఇచ్చినది మన మారుతీ టాకీసు పుట్టిన 1921లోనే. పత్రికా సంపాదకుడైన జె. ఎఫ్. ఆర్చిబాల్డ్ వీలునామాలో విడిచిపోయిన ధనముతో సిడ్నీలోని చిత్రశాల దానిని నడుపుచున్నది. చిత్రకారుడు మనిషిని ఎదుట కూర్చుండబెట్టుకొని చూచి యుండవలెను. ఒక్కమారైనను ఆ కూర్చుండుట జరుగక తప్పదు. లండనులోని జాతీయ రూపచిత్రశాల 1980లో ఆరంభించిన పోటీకిని ఇట్టి నియమమే ప్రాణము.

ఎదుట కూర్చున్న మాత్రమున తగవు తీరదు. 1943వ సంవత్సరపు ఆర్చిబాల్డ్ బహుమతిని విలియం డోబెల్ తన మిత్రుడు జాషువా స్మిత్ చిత్రమునకు పొందెను. స్మిత్ కూడ చిత్రకారుడే. సన్నని మనిషి. డోబెల్ ఆయన మెడను, చేతులను ఇంకను సాగదీసి వ్రాసెను. ఓడిపోయిన చిత్రకారులు ఇద్దరు న్యాయస్థానమున కెక్కిరి. ఇది రూపచిత్రము కాదు, వ్యంగ్యచిత్రము. బహుమతి చెల్లదు అని వారి వాదము. 1944లో న్యాయమూర్తి రోపర్ ఆ వాదమును త్రోసివేసెను. అతిశయోక్తి యున్నను మనిషి పోలిక బలముగనే నిలిచినదని ఆయన తీర్పు. పోలిక యనగా కొలతల యొప్పుదల మాత్రమే కాదని ఒక న్యాయస్థానము చెప్పవలసి వచ్చినది! డోబెల్ గెలిచెనే గాని ఆ రచ్చకు మనసును ఆరోగ్యమును చెడి, నగరము విడిచి కొంతకాలము ప్రకృతి దృశ్యములకు మరలెను. 1944వ సంవత్సరపు బహుమతి వచ్చినది మాత్రము చిత్రముగా ఆ జాషువా స్మిత్‌కే.

మన దేశమువారికి ఈ మార్గము అందనిది కాదు. బొంబాయి చిత్రకారుడు వాసుదేవ కామత్ 2006లో అమెరికా రూపచిత్రకారుల సంఘమువారి అగ్రబహుమతిని గెలిచెను. ఆయన గీసినది తన భార్యను.

తెలుగునాట ప్రదర్శనల ద్వారా పేరు వచ్చిన కథ వేరుగా నడచినది. రాజమహేంద్రవరమున ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ప్రోత్సాహముతో బొంబాయి జె. జె. కళాశాలకు వెళ్లిన దామెర్ల రామారావు, 1922 కలకత్తా ప్రదర్శనలో 'ఋష్యశృంగ బంధనము'నకు వైస్రాయి బహుమతి నందెను. 1925లో మశూచికము ఆయనను తీసికొనిపోవునప్పటికి ఇరువదియెనిమిది యేండ్లు నిండలేదు. ఇటు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని వద్ద అడివి బాపిరాజు మొదలగువారు నేర్చిరి. ఆ తరమువారికి పురాణము, చరిత్ర, ప్రకృతి ఉత్తమ విషయములు. కూలికి ముఖము గీయుట తక్కువ పని. రవివర్మ 1893లో చికాగోలో పతకములు తెచ్చినవాడైనను జాతీయవాద విమర్శకులు ఆయనను మన్నింపలేదు. ఆ విధముగా బహుమతి ఒక త్రోవను, ముఖము మరియొక త్రోవను పోయినవి. ముఖము వన్ టౌను దుకాణములకును తెనాలి విగ్రహశిల్పుల షెడ్లకును చేరినది.

రెండు త్రోవలను కలిపినవారు లేకపోలేదు. బొంబాయిలో సినిమా హోర్డింగులు వ్రాసి పొట్ట పోసికొన్న ఎం. ఎఫ్. హుసేన్‌కు 1955లో లలితకళా అకాడమీ జాతీయ ప్రదర్శనలో 'జమీన్' చిత్రమునకు బహుమతి వచ్చినది. నేడు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయమునను, హైదరాబాదులోను చిత్రకళ నేర్చి వచ్చు యువకులకు ఎదుట కూర్చున్న మనిషిని గీయుట చేతనగును. వారికి కావలసినది ముఖమును ముఖముగా చూచి తూచు పోటీ.

విజయవాడలో దానికి చోటు కొరవడదు. బందరు రోడ్డున 1887లో కలెక్టరు రాబర్ట్ సీవెల్ పునాది వేసిన విక్టోరియా జూబిలీ మందిరము కలదు. 1921లో కాంగ్రెసు సమావేశము జరిగినదియు, పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా సమర్పించినదియు అచ్చటనే. 2020 నుండి అది బాపూ మ్యూజియము. ఏటేట అక్కడ ఒక రూపచిత్ర ప్రదర్శన పెట్టినచో నేను కోరు నియమములు రెండే. ఒకటి, చిత్రము ఎదుట కూర్చున్న సజీవ మానవునిదై యుండవలెను. పెద్దమనుష్యులే కూర్చుండ నక్కరలేదు. దుర్గాఘాట్ పడవవాడు, మార్కెట్టులో పూలు కట్టు అమ్మ, బస్తాలు మోయు ముఠా కార్మికుడు చాలును. రెండవది, కూర్చున్నవారికి ఆ దినపు కూలి ముందే చేతిలో పెట్టవలెను. గీయుచున్నంతసేపు మార్కెట్టులో బస్తాలు దిగుచునే యుండును.