ఇంటి సెప్టిక్ ట్యాంకు: తోడిస్తే చాలునా, మార్చవలసిందేనా?

భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాల్లోను, గ్రామాల్లోను చాలా ఇళ్ల మరుగుదొడ్ల నుంచి వచ్చే మురుగుకు సెప్టిక్ ట్యాంకే ఆధారం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో 32.7 శాతానికి మాత్రమే మురుగు పైపుల వ్యవస్థతో అనుసంధానం ఉండగా, 38.2 శాతం కుటుంబాలు సెప్టిక్ ట్యాంకుల మీద ఆధారపడ్డాయి. ఇంత విస్తారంగా ఉన్న ఈ కట్టడం గురించి ఇంటి యజమానికి తెలిసింది మాత్రం తక్కువ. ఇల్లు కట్టే రోజుల్లో తాపీ మేస్త్రి చెప్పిన కొలతలకు తల ఊపి, పైన బండలు పరిచి ఆ సంగతే మరచిపోవడం, మరుగుదొడ్డిలో నీరు వెనక్కి తన్నినప్పుడు ట్యాంకరును పిలిపించి తోడించడం, మళ్లీ మరచిపోవడం పరిపాటి అయిపోయింది. తోడించడంతో తీరే ఇబ్బంది ఏది, కట్టడాన్నే సరిచేయవలసిన లోపం ఏది అన్న తేడా తెలియక కొందరు ఏటా డబ్బు పోస్తూనే ఉంటారు, మరికొందరు నిక్షేపంలా ఉన్న ట్యాంకును పగలగొట్టిస్తారు.

సెప్టిక్ ట్యాంకు పనిచేసే తీరు సరళమైనదే. ఇటుకతో గాని, కాంక్రీటుతో గాని నీరు ఊరకుండా కట్టిన తొట్టిలోకి మురుగు చేరి ఒకటి రెండు రోజులు కదలకుండా నిలిచినప్పుడు బరువైన పదార్థం అడుగున మడ్డిగా పేరుకుంటుంది, జిడ్డు వంటి తేలిక పదార్థం పైకి తేలి తెట్టుగా గట్టిపడుతుంది, ఈ రెంటికీ నడుమ ఉన్న నీరు అవతలి పైపు గుండా బయటికి పోతుంది. గాలి తగలని ఆ తావులో బతికే సూక్ష్మజీవులు మడ్డిని కొంతమేర కుళ్లబెట్టి తగ్గించగలవు గాని పూర్తిగా హరించలేవు, అందుకే రెండు మూడేళ్లకొకసారి తోడించక తప్పదు. ట్యాంకును అడ్డుగోడతో రెండు అరలుగా విభజించేదీ, మురుగు వచ్చే చోట, పోయే చోట ‘టీ’ ఆకారపు పైపులు అమర్చేదీ తెట్టు, మడ్డి నీటితోపాటు కొట్టుకుపోకుండా ఆపడానికే. బయటికి వచ్చే నీరు కాస్త తేటగా కనిపించినా అందులో రోగకారక క్రిములు పుష్కలంగా ఉంటాయి కాబట్టి, దానిని ఇంకుడు గుంతలోకో, కంకర పరిచిన కందకంలోకో పంపి నేలచేత వడగట్టించడం ఈ వ్యవస్థలో రెండవ సగం. చాలా ఇళ్లలో చెడిపోయేది ఈ రెండవ సగమే. నింద మాత్రం ట్యాంకు మీద పడుతుంది.

‘ట్యాంకు నిండిపోయింది’ అన్న మాటతోనే సాధారణంగా ఈ పొరపాటు మొదలవుతుంది. చక్కగా పనిచేసే సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. తోడించిన కొద్ది రోజులకే నీటి మట్టం తిరిగి పోయే పైపు అడుగు అంచు దాకా వచ్చి అక్కడ నిలవడం దాని సహజస్థితి. పరిశీలించవలసింది ఆ మట్టం ఆ అంచుకు పైన ఉందా, కింద ఉందా అన్న విషయాన్ని. పైపును ముంచివేసేంత ఎత్తుకు నీరు చేరితే, పైపు పూడిపోయిందనో, అవతలి నేల ఇంకించుకోవడం మానేసిందనో అర్థం. ఇంట్లో అందరూ ఉంటూ నీళ్లు మామూలుగా వాడుతున్నా మట్టం ఆ అంచును అందుకోవడమే లేదంటే గోడలోనో అడుగులోనో పగులు ఉండి, శుద్ధి కాని మురుగు నేరుగా భూమిలోకి దిగుతోందన్నమాట. వానాకాలంలో తోడించిన ట్యాంకు, ఇంట్లో నీటి వాడకం లేకపోయినా తనంతట తానే నిండితే అదే పగులు గుండా బయటి భూగర్భజలం లోపలికి ఊరుతున్నట్టు. మడ్డి, తెట్టు కలిసి నీటి లోతులో సుమారు మూడోవంతు ఆక్రమించినప్పుడు తోడించడమే సరైన మందు. రెండు మూడేళ్లకు రావలసిన ట్యాంకరు రెండు మూడు నెలలకే రావలసి వస్తోందంటే అక్కడ పేరుకుంటున్నది మడ్డి కాదు, పోయే దారి లేని నీరు. ఎన్నిసార్లు తోడించినా ఆ దారి తెరుచుకోదు.

ఇంట్లో కనిపించే లక్షణాలనూ ఇదే దృష్టితో చూడాలి. ఒక్క స్నానాలగదిలో మాత్రమే నీరు నెమ్మదిగా పోతుంటే ఆ గది పైపులో అడ్డు ఉన్నదనుకోవచ్చు గాని, కింది అంతస్తులోని మరుగుదొడ్లన్నిటిలో ఒకేసారి నీరు వెనకాడుతూ, ఒకచోట నీళ్లు పోస్తే మరొకచోట గుడగుడమని చప్పుడు వస్తుంటే లోపం ట్యాంకు దగ్గరో, దాని అవతలో ఉంటుంది. ఇంకుడు గుంత మీది నేల ఎండాకాలంలో సైతం తడిగా ఉండడం, చుట్టూ గడ్డి ఎండిపోయినా అక్కడ మాత్రం పచ్చగా ఏపుగా పెరగడం, నల్లని నీరు పైకి ఊటగా రావడం నేల చేతులెత్తేసినదానికి గుర్తులు. ఏళ్ల తరబడి మురుగు ఇంకిన గుంత గోడలపై సూక్ష్మజీవులు, సన్నని మడ్డి కలిసి జిగురు పొరగా పట్టి రంధ్రాలను మూసివేయడమే ఇందుకు ముఖ్య కారణం. అడ్డుగోడ విరిగినా, ‘టీ’ పైపు ఊడిపోయినా మడ్డి నేరుగా గుంతలోకి చేరి ఈ పని మరింత వేగంగా జరుగుతుంది, అందువల్ల కొత్త గుంత తవ్వించే ముందు ట్యాంకులోని ఆ పైపును పరీక్షించకపోతే కొత్త గుంత కూడా పాతదాని బాటే పడుతుంది.

తెలుగు ప్రాంతాల నేలలు ఈ విషయంలో ఒకదానికొకటి పోలిక లేనివి. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి నీటిని అతి నెమ్మదిగా తీసుకుంటుంది, ఎండినప్పుడు నెర్రెలు విచ్చి కట్టడాలను కదిలిస్తుంది, కాబట్టి ఎర్రనేలలో సరిపోయిన గుంత పరిమాణం అక్కడ సరిపోదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువలకు నీరు వదిలిన నెలల్లోను, వర్షాల్లోను భూగర్భజలం పైకి వచ్చి గుంతను బయటినుంచే నింపేస్తుంది. జలమట్టం నేలకు రెండు మీటర్ల లోపే ఉండే చోట లోతైన ఇంకుడు గుంతకు అర్థమే లేదు, నేల మీద ఇసుక, కంకర దిబ్బగా పోసి దాని గుండా నీటిని వడగట్టడమే మార్గం. తెలంగాణలోను, రాయలసీమలోను పలుచోట్ల పైన కొద్దిపాటి మొరం, కింద పగుళ్లున్న గ్రానైటు రాయి ఉంటాయి. అలాంటి చోట ‘ఎంత నీరు పోసినా ఇంకిపోతోంది, ఇరవై ఏళ్లుగా తోడించే పనే పడలేదు’ అని ఇంటివారు తృప్తిగా చెప్పుకుంటారు గాని, నిజానికి అన్నిటికంటే ఎక్కువ భయపడవలసింది ఆ ట్యాంకు గురించే. మట్టిపొర ఆపి వడగట్టకుండానే రాతి పగుళ్ల వెంట మురుగు ఎక్కడో బోరులోకి చేరుతుంది, ఆ బోరు అదే ఇంటిదైనా కావచ్చు, పొరుగింటిదైనా కావచ్చు.

ఎన్నడూ తోడించని ట్యాంకులు చాలా వరకు అసలు సెప్టిక్ ట్యాంకులే కావు. అడుగున కాంక్రీటు వేయకుండా సిమెంటు రింగులు ఒకదానిపై ఒకటి దించినవీ, ఇటుకల మధ్య సందులు వదిలి కట్టినవీ కేవలం మలం నేలలోకి దిగే గోతులు. వాటిని మరమ్మతు చేయడమన్నది ఉండదు, మార్చవలసిందే. ఇంకుడు గుంత వంటి శోషణ వ్యవస్థకు, తాగునీటి బావికి మధ్య కనీసం 18 మీటర్లు, నివాస గృహానికి 6 మీటర్లు ఎడం ఉండాలన్నది భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 2470లో పెట్టిన నియమం. వంద గజాల స్థలాల్లో ఒక మూల బోరు, మరొక మూల ట్యాంకు ఉన్నచోట ఈ దూరం అసాధ్యం, కాబట్టి అక్కడ ఆ బోరు నీటిని తాగకపోవడమే మొదటి జాగ్రత్త. బోరు నీటి పరీక్షలో మలసంబంధమైన బ్యాక్టీరియా కనిపించినా, నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితిని దాటినా, ఎరువుల వంటి ఇతర కారణాలతోపాటు సెప్టిక్ ట్యాంకును కూడా అనుమానించాలి.

కట్టినప్పుడు సరిగానే ఉన్న ట్యాంకు ఇల్లు పెరిగేసరికి చాలకుండా పోవడం మరొక సందర్భం. అదే ప్రమాణం ప్రకారం, రెండేళ్లకొకసారి తోడించే లెక్కన 5 మందికి 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటరు వెడల్పు, 1.05 మీటర్ల నీటి లోతు గల ట్యాంకు చాలుతుంది. అదే 20 మందికైతే పొడవు 2.3, వెడల్పు 1.1, నీటి లోతు 1.8 మీటర్లు ఉండాలి, అంటే ఘనపరిమాణం దాదాపు నాలుగు రెట్లు. ఒక కుటుంబం కోసం కట్టిన ట్యాంకు మీద రెండు అంతస్తులు లేపి నాలుగు పోర్షన్లు అద్దెకిచ్చిన యజమాని గదుల లెక్క, అద్దెల లెక్క చూసుకుంటాడు గాని ఈ లెక్క చూసుకోడు. మురుగు నిలిచే వ్యవధి తగ్గిపోయి, మడ్డి అడుగుకు చేరకముందే బయటికి వెళ్లిపోతుంది. వాషింగ్ మెషీను, స్నానాల నీరు, మేడ మీది వాననీరు కూడా ఆ ట్యాంకులోకే మళ్లించి ఉంటే పరిస్థితి మరింత విషమిస్తుంది. ఇలాంటి చోట వాననీటిని పూర్తిగా, స్నానాల నీటిని వీలైనంతవరకు వేరు చేయడమే అతి తక్కువ ఖర్చుతో అయ్యే మెరుగుదల, దాని ఫలితం చూశాకే పెద్ద పనికి దిగడం మంచిది.

గుంత పనిచేయనప్పుడు ట్యాంకు పైపును వీధి కాలువలోకి తిప్పేయడం పట్టణాల్లో సర్వసాధారణమైంది. దీనిని పరిష్కారమని పిలవడం ఎంతమాత్రం తగదు, ఎందుకంటే ఇంటివారి కళ్లముందు నుంచి తొలగిన మురుగు పిల్లలు ఆడుకునే వీధిలో ప్రవహిస్తూ, తాగునీటి పైపులు ఆ కాలువను దాటే చోట్ల లీకుల గుండా తిరిగి ఇళ్లలోకే ప్రవేశించే అవకాశం ఉంది.

కట్టడం వయస్సు కూడా చూడాలి. మురుగు కుళ్లినప్పుడు వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు నీటిమట్టానికి పైన ఉన్న తేమలో ఆమ్లంగా మారి కాంక్రీటును లోపలినుంచే తినివేస్తుంది, అందువల్ల పైకి గట్టిగా కనిపించే స్లాబు అడుగున పెచ్చులూడి, తుప్పు పట్టిన ఊచలు బయటపడి ఉండవచ్చు. ఆ స్లాబు మీద కారు నిలిపే ఇళ్లలో ఇది ప్రాణాపాయం. పగిలిన మూతలు, జాలీ లేని గాలి గొట్టాలు బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమలకు నిలయాలవుతాయి. గాలి గొట్టం చివర జాలీ కట్టడం గమనించిన రోజే చేయదగిన పని.

మూతల విషయానికి మరింత ప్రాధాన్యం ఇవ్వవలసిన కారణం ఉంది. ప్రతి అరకూ తీయదగిన మూత లేని ట్యాంకులో ట్యాంకరు గొట్టం అడుగుదాకా దిగదు, గట్టిపడిన మడ్డి రాదు, అప్పుడే ఒక మనిషిని లోపలికి దింపాలన్న ఆలోచన పుడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగినప్పుడు ముక్కుకు వాసన తెలిసే శక్తినే పోగొడుతుంది కాబట్టి లోపలికి దిగినవాడికి హెచ్చరిక అందదు, అతన్ని కాపాడబోయినవారు కూడా వెంటనే కూలిపోతారు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని, పాకీపనిని రూపుమాపడానికి తెచ్చిన 2013 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. తొలి నేరానికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బెజవాడ విల్సన్ వ్యవస్థాపకుల్లో ఒకరైన సఫాయి కర్మచారి ఆందోళన్ సంస్థ వేసిన వ్యాజ్యంలో 2014లో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షల పరిహారం నిర్దేశించగా, 2023 అక్టోబరులో మరొక కేసులో దానిని 30 లక్షలకు పెంచింది. యంత్రంతో తోడించడానికి 14420 నంబరుకు ఫోను చేయవచ్చు. తోడిన మడ్డి పొలంలోనో చెరువులోనో పడకుండా శుద్ధి కేంద్రానికి చేరుతోందా అని అడగడం యజమాని బాధ్యతే. వరంగల్, నరసాపురం వంటి చోట్ల అందుకోసం ప్రత్యేక కేంద్రాలు నెలకొన్నాయి.

లోపం తేలిన తరువాత నిర్ణయం అంత కష్టం కాదు. తొట్టి గట్టిగా ఉండి లోపం పైపుల్లోనో అడ్డుగోడలోనో ఉంటే మరమ్మతు చాలు. తొట్టి బాగుండి నేల అలసిపోయి ఉంటే రెండవ గుంత తవ్వించి, రెంటినీ మార్చి మార్చి వాడితే విశ్రాంతిలో ఉన్న గుంత కొంత కోలుకుంటుంది. స్థలం లేనిచోట ట్యాంకు తరువాత కంకర నింపిన వడపోత అరను కట్టించి, నీరు దాని అడుగునుంచి పైకి ఎక్కేలా చేస్తే కాలుష్యం చాలావరకు తగ్గుతుంది. వీధిలోకి భూగర్భ డ్రైనేజీ వచ్చి ఉంటే కొత్త ట్యాంకు ఆలోచన మాని దానితో కలుపుకోవడమే మేలు. అడుగు లేని గోతులను, గోడలు బీటలు వారినవాటిని, స్లాబు కుళ్లినవాటిని మాత్రం మార్చక తప్పదు. అలా వదిలేసిన పాత తొట్టిని ఖాళీగా ఉంచితే ఏనాటికైనా పైకప్పు కూలుతుంది కాబట్టి, యంత్రంతో పూర్తిగా తోడించి, బయటినుంచే అడుగుకు చిల్లు పొడిపించి, ఇసుకతోను రాళ్లతోను గట్టిగా నింపించి, అది ఉన్న చోటును ఇంటి ప్లానులో గుర్తించి ఉంచాలి.