శ్రీనగర్ నుంచి లేహ్‌కు ముప్పావు గంట

సెలవు ప్రయాణ రాయితీపై కాశ్మీరు, లడఖ్ ప్రాంతాలను దర్శించి రావాలని నిశ్చయించుకున్నప్పుడు, మేము మొట్టమొదట పరిశీలించినది దూరాల పట్టిక. శ్రీనగర్, లేహ్ విమానాశ్రయాల మధ్య దూరం సరళరేఖలో సుమారు 256 కిలోమీటర్లు. రోడ్డు మార్గాన అది 420 కిలోమీటర్ల వరకు ఉంటుంది. జోజిలా, నమికలా, ఫోతులా కనుమలను దాటుతూ, నడుమ కార్గిల్‌లో ఒక రాత్రి విశ్రమించి, రెండు రోజులు ప్రయాణించాలి. విమానంలోనైతే ముప్పావు గంట. మాతో వృద్ధురాలైన మా అమ్మగారు కూడా ఉన్నందున, ఆమెకు శ్రమ తగ్గుతుందని విమానాన్నే ఎంచుకున్నాము.

గంటకు 800 కిలోమీటర్ల వేగంతో సాగే జెట్ విమానానికి ఈ దూరం ఇరవై నిమిషాల పని. కాని ఆ వేగం ఆకాశంలో నిలకడగా సాగేటప్పటిది. నేల విడిచి పర్వతాలకు పైగా ఎగయడానికి, తిరిగి ఇరుకైన సింధు లోయలోకి దిగడానికి మిగిలిన సమయం పడుతుంది. ఈ దారిలోనే 7,135 మీటర్ల నున్, 7,077 మీటర్ల కున్ శిఖరాలున్నాయి.

లేహ్ విమానాశ్రయం సముద్రమట్టానికి 3,256 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి పలుచని గాలిలో ఇంజన్ల శక్తి తగ్గుతుంది. విమానం పైకి లేవాలంటే నేలపై మరింత వేగంగా పరుగెత్తాలి. అందుచేత బరువును తగ్గించుకోవలసి వస్తుంది. మధ్యాహ్నం లోయలో ఈదురుగాలులు చెలరేగుతాయి గనుక రాకపోకలకు ఉదయ వేళలే అనుకూలం. ఇటువంటి చోట 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ తొలిసారిగా డకోటా విమానాన్ని దింపారు. ఆ రన్‌వేను సిద్ధపరచినవారు లడఖ్‌కు చెందిన ఇంజనీరు సోనమ్ నోర్బు.

ఇన్ని సంగతులు తెలుసుకున్న మేము అసలు విషయాన్ని విస్మరించాము. లేహ్‌లో గాలి పీడనం సముద్రతీరంలోని దానిలో సుమారు మూడింట రెండు వంతులే. శ్రీనగర్ నుంచి 1,600 మీటర్లు పైకి వచ్చామన్న స్పృహ లేకుండా, దిగిన రోజే బజారంతా తిరిగాము. ఆ రాత్రి అమ్మగారికి తీవ్రమైన తలనొప్పి, వాంతులు, ఆయాసం మొదలయ్యాయి. ఆసుపత్రిలో ప్రాణవాయువు అందిస్తుంటే, తెల్లవార్లూ ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాము. ఉదయానికి తేరుకున్నారు. శ్రమ తప్పించబోయి ఆమెను ఎంతటి ప్రమాదానికి గురిచేశామో అప్పుడు అర్థమైంది.

రోడ్డుపై ఫోతులా కనుమ 4,108 మీటర్లు. అది లేహ్ కంటే ఎత్తు. అయినప్పటికీ దారిలోని రాత్రి మజిలీ శరీరానికి కొంత వ్యవధి ఇస్తుంది. విమానం ఆ వ్యవధి ఇవ్వదు. దిగిన తరువాత మనమే ఇచ్చుకోవాలి.

కనుక లేహ్‌కు వెళ్లదలచిన సహోద్యోగులకు మా మనవి: గుండె, ఊపిరితిత్తుల వ్యాధులున్నవారు ముందుగా వైద్యుల సలహా పొందాలి. దిగిన తరువాత రెండు రోజులు పూర్తిగా విశ్రమించాలి. తలనొప్పి, వికారం కనిపిస్తే మరింత ఎత్తుకు పోరాదు. కూర్చున్నా ఆయాసం తగ్గకున్నా, నడక తడబడినా వెంటనే వైద్య సహాయం పొంది, దిగువ ప్రాంతానికి చేరుకోవాలి.

ఈ రెండు రోజులు దూరాల పట్టికలో కనిపించవు. సెలవు దరఖాస్తులో మాత్రం తప్పక కనిపించాలి.