పదకొండో అంతస్తులో మోరిస్ మైనర్

పాత కారు ఇంట్లో బాగుచేసుకుంటున్నానంటే సింగపూర్‌లో ఎవరైనా ముందు అడిగేది ఒకటే. ‘ఇంట్లో ఎక్కడ?’ అని. నిజమే. మాది సెంగ్‌కాంగ్‌లో పదకొండో అంతస్తులోని హెచ్‌డీబీ ఫ్లాట్. కింద కార్‌పార్క్‌లో మరమ్మతులు చేయకూడదు. అందుకని కారు బాడీ కాకీ బుకిట్‌లో అద్దెకు తీసుకున్న ఓ షెడ్డు మూలన ఉండేది. లిఫ్టులో పట్టేవన్నీ మా భోజనాల బల్ల మీదికి వచ్చేవి. కార్బ్యురేటర్, డైనమో, వైపర్ మోటార్, చివరికి సీట్లు కూడా. “ఏవండీ, ఇవాళ అన్నం ఎక్కడ తినాలో కాస్త చెప్తారా?” అని మా ఆవిడ అడగని ఆదివారం లేదు.

కార్బ్యురేటర్‌ని ఎంఆర్‌టీలో తెచ్చిన రోజు మాత్రం నాకు చెమటలు పట్టాయి. రైల్లో మండే వస్తువులు తెస్తే 5,000 డాలర్ల జరిమానా అని బోర్డు ఉంటుంది కదా. పెట్రోలు చుక్క లేకుండా తుడిచి, రెండు రోజులు ఆరబెట్టి మరీ తెచ్చాను. అయినా పక్క సీటాయన ఒకటికి రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు.

కారు 1959 నాటి మోరిస్ మైనర్ 1000. ఇంజిన్ 948 సీసీ. మన పెద్దవాళ్లలో కొందరికి ‘బేబీ హిందుస్థాన్’ గుర్తుండే ఉంటుంది. అది మోరిస్ మైనరే, మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసింది. అంబాసిడర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిందే. నాకు ఈ బండి మీద మనసు పడటానికి అసలు కారణం అది. మా నాన్న అమలాపురంలో ఇరవై ఆరేళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు.

ఇక్కడ కారుకి ఆయుష్షు పదేళ్లు. సీఓఈ గడువు తీరాక మళ్లీ డబ్బు కట్టి పొడిగించుకోవాలి, లేదంటే రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. ఈ మధ్య చిన్న కార్ల సీఓఈయే లక్ష డాలర్లు దాటింది. అలాంటి ఊళ్లో అరవై ఏళ్ల కారు ఎలా బతికిందంటే, 35 ఏళ్లు దాటిన కార్లకు క్లాసిక్ వాహనాల పథకం అని వేరే ఉంది. షరతేమిటంటే ఏడాదికి 45 రోజులకు మించి రోడ్డెక్కకూడదు. రెండేళ్ల చాకిరీ, దాచుకున్న డబ్బు, ఇదంతా 45 రోజుల కోసమా అని మిత్రులు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, లెక్క మాత్రం వేసుకునేవాణ్ణి కాదు.

తుప్పే పెద్ద పని. ఈ కారుకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బలం. ఇక్కడి తేమకి నేల రేకు, వెనక స్ప్రింగులు పట్టుకునే చోటు తినేసి ఉన్నాయి. షెడ్డులో వెల్డింగ్ చేసే చైనీస్ అంకుల్ ఆ రేకులన్నీ కోసి కొత్తవి వేశాడు. తర్వాత లేత ఆకుపచ్చ రంగు. తనిఖీకి తీసుకెళ్లడమే తరువాయి అనుకున్నప్పుడు నాన్న రెండు నెలలకని వచ్చారు.

షెడ్డుకి తీసుకెళ్లాను. మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నా. చుట్టూ ఓసారి తిరిగి, “రంగు బాగుందిరా. జాకీ ఉందా?” అన్నారు.

ముందు చక్రం లేపించి, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపారు. ‘కటుక్’మంది. మళ్లీ ఊపారు. మళ్లీ అదే చప్పుడు. “ఏరా అబ్బాయ్, దీనికి గ్రీజు పెట్టి ఎన్నాళ్లయింది?”

నాకు తెలీదు. అమ్మినాయన అంతా బాగుందన్నాడు, నేను నమ్మాను. ఈ కారులో ముందు చక్రం తిరిగే నిలువు పిన్నుకి రెండు చివర్లా మరలుంటాయి. అవి ట్రనియన్ అనే భాగంలో తిరుగుతుంటాయి. కంపెనీ పుస్తకం ప్రకారం వెయ్యి మైళ్లకోసారి గ్రీజు పెట్టాలి. పెట్టకపోతే మరలు అరిగిపోయి, ఓ రోజు పిన్ను ఊడి చక్రం పక్కకి పడిపోతుంది. రంగు వేయించడానికి అన్ని వారాలు తిరిగినవాణ్ణి, చక్రం పట్టుకుని ఒక్కసారి ఊపి చూడలేదు. వెనక సీట్లో కూర్చోవాల్సింది మా పాప.

“అంబాసిడర్‌లోనూ ఇంతే. రావులపాలెం దగ్గర మనవాళ్లదే ఒక బండి ఇలా కూలబడింది” అన్నారు నాన్న, మామూలుగా.

ఇంగ్లండ్ నుంచి సామాను రావడానికి మూడు వారాలు పట్టింది. బిగించేటప్పుడు నాన్న చేతులు వణికాయి. స్పానర్ నాకిచ్చి, స్టూలు వేసుకుని పక్కన కూర్చున్నారు. “ఇంకో పావు తిప్పు. చాలు. వెనక్కి రా కొంచెం.” ఆ రెండు శనివారాల్లో మా మధ్య నడిచినన్ని మాటలు ఇరవై ఏళ్లలో నడవలేదు, అన్నీ బోల్టుల గురించే అయినా.

తనిఖీ తేదీ మాత్రం ఆయన విమానం వెళ్లిపోయిన తొమ్మిది రోజులకు దొరికింది. కారు పాసయింది. మొదటి రోజు పాపనీ వాళ్లమ్మనీ ఎక్కించుకుని చాంగీ దాకా వెళ్లి, సముద్రం పక్కన ఆపి వీడియో కాల్ చేశాను. బండంతా చూపించాను. నాన్న ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశారు.

“మీటర్ ఎంతుంది?”

చెప్పాను. ఆయన పక్కనున్న క్యాలెండర్ మీద ఆ అంకె రాసుకున్నారు.

“దానికి వెయ్యి కలుపుకో” అన్నారు.