మిద్దె వేడి తగ్గించుకోవడం ఎలా? సున్నం పూత, అటక, సూర్యఘర్ సబ్సిడీ వివరాలు

మైపాడు, కోడూరు, జువ్వలదిన్నె లాంటి తీర గ్రామాల వారు, నెల్లూరు టౌన్‌లో పై అంతస్తులో ఉండేవారు ఇది చదవండి. ఇంట్లో ముసలివాళ్లు, పసిబిడ్డలు, బాలింతలు ఉంటే తప్పకుండా చదవండి. 2015 మే నెల వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు.

రాత్రి పూట కూడా ఉక్క ఎందుకు?

స్లాబు పగలంతా ఎండని దాచుకుని రాత్రి కిందికి వదులుతుంది. అందుకే రాత్రి 10 దాటినా ఫ్యాను వేడి గాలే కొడుతుంది. రేకుల ఇల్లు పగలు మాడ్చేస్తుంది గానీ రాత్రికి త్వరగా చల్లబడుతుంది. అన్నిటికన్నా చల్లన తాటాకు ఇల్లే, కానీ నిప్పుకి, తుఫానుకి నిలవదు.

సముద్రం పక్కనే ఉన్నాం కదా అనుకోవద్దు. మే నెలలో పడమర గాలి గట్టిగా తోలితే సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది. అది తిరిగే దాకా కిటికీలు మూసి, పడమర వైపు పరదా కట్టండి. గాలి తిరగగానే తూర్పు కిటికీ, దానికి ఎదురుగా ఉన్న కిటికీ రెండూ తెరవండి. ఒక్కటే తెరిస్తే గాలి ఆడదు.

సున్నం పూత

తక్కువ ఖర్చులో అయ్యే పని ఇదే. తెల్లటి మిద్దె ఎండని చాలావరకు వెనక్కి కొడుతుంది, గదిలో వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

మార్చి లోపే వేయించండి. మిద్దె ఊడ్చి, కడిగి, పగుళ్లు సిమెంటుతో పూడ్చి ఆరనివ్వాలి. సున్నం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం ఫెవికాల్ కలిపి సాయంత్రం పూట పూయాలి. మొదటి పూత ఆరాకే రెండోది. కళ్లలో పడితే ప్రమాదం, అద్దాలు పెట్టుకోండి. అక్టోబరు నుంచి పడే వానలకి చాలావరకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. కూల్ రూఫ్ పెయింటుకి ఖర్చు ఎక్కువ, కానీ కొన్నేళ్లు ఉంటుంది.

కొందరు మిద్దె మీద తడి గోనె సంచులు పరుస్తారు. తీరంలో గాలికి తేమ ఎక్కువ, నీళ్లు తొందరగా ఆరవు, చల్లదనం తక్కువ. పాత స్లాబు అయితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. సున్నమే మేలు.

సిమెంటు రేకుల ఇళ్లవారు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: రేకుని గీకడం, పొడిగా రుద్దడం చేయొద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉంటే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి హాని. తడిపి మెత్తగా కడగండి. పాత రేకు మనిషి బరువు ఆపదు, పైకి ఎక్కొద్దు.

అటక

ఇంట్లో ఎక్కువ వేడి చేరేది కప్పు కిందే. అటక మీద సామాను కిక్కిరిసి ఉంటే గాలి కదలదు. పైన వెంటిలేటర్ ఉంటే దానికి అడ్డం తీసేయండి. బోటు డీజిల్ క్యాన్లు, కిరోసిన్, టపాకాయలు, మందులు అటక మీద అసలు పెట్టొద్దు.

సూర్యఘర్ పథకం

పీఎం సూర్యఘర్ 2024 ఫిబ్రవరిలో మొదలైంది. సున్నానికి ఇందులో డబ్బు రాదు, సోలార్ ప్యానెళ్లకే వస్తుంది. అయితే ప్యానెల్ కింద మిద్దెకి నీడ పడుతుంది, ఆ మేర వేడి తగ్గుతుంది, కరెంటు బిల్లూ తగ్గుతుంది.

కేంద్ర సబ్సిడీ 1 కిలోవాట్‌కి రూ.30,000, 2 కిలోవాట్లకి రూ.60,000, 3 లేదా అంతకు మించితే రూ.78,000. 1 కిలోవాట్‌కి సుమారు 10 చదరపు మీటర్ల నీడ పడని జాగా కావాలి. ఇల్లు సొంతదై ఉండాలి, కరెంటు కనెక్షన్ ఉండాలి.

పథకం పోర్టల్‌లో కరెంటు సర్వీసు నంబరుతో అప్లై చేయాలి. చేతకాకపోతే సచివాలయంలో అడగండి. రాష్ట్రం నుంచి అదనంగా ఏమైనా వస్తుందా అన్నది కూడా అక్కడే తెలుసుకోండి. పోర్టల్‌లో నమోదైన వెండర్‌తోనే పని చేయించండి. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ పెట్టాకే సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందే ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మొద్దు. తీరంలో తుఫాను గాలి తట్టుకునే ఫ్రేము, తుప్పు పట్టని బోల్టులు వేస్తారా అని రేటు మాట్లాడక ముందే అడగండి. కరెంటు సమస్యలకి 1912కి ఫోన్ చేయండి. ఎండదెబ్బతో ఎవరైనా మాట తడబడినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేసి, వచ్చే లోపు నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా తడిపి విసరండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు.